ఆసుపత్రి సిబ్బందికి ఫోన్లో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పాఠాలు: తిరుపతి, చిత్తూరు వాళ్ల సలహాలు కావాలి

బైరాగిపట్టెడ సిస్టర్ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తున్నా. అంతకుముందు పదకొండేళ్లు వార్డుల్లో, ఐసీయూలో చేశాను. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ వాళ్లు, ఆయాలు, హౌస్‌కీపింగ్ అందరూ ఫోన్లో చూసుకునే శిక్షణ ఒకటి తయారు చెయ్యమని నాకు అప్పజెప్పారు. సెమినార్ హాల్లో క్లాసు పెడితే నైట్ చేసి వచ్చినవాళ్లు కళ్లు మూతలు పడుతూ కూర్చుంటారు, పొద్దుటి డ్యూటీ వాళ్లు వార్డు వదిలి రాలేరు. బ్రహ్మోత్సవాల నెలైతే క్లాసు మాటే ఎత్తలేం. పైగా నేర్పినవాళ్లు చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతుంటారు, నెలనెలా కొత్తవాళ్లు చేరుతుంటారు.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇలాంటి కోర్సే ఒకటి కొన్నారు. ఇంగ్లీషులో అరవై స్లైడ్లు, చివర ఇరవై ప్రశ్నలు. వార్డంతా పాసైంది, నేనూ పాసయ్యాను. సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టిన మర్నాడు పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్‌కి వెళ్తే ఇంజెక్షన్ ట్రాలీ మీద 100 ఎంఎల్ సెలైన్ బాటిల్ ఉంది. దాని రబ్బరు మూతకి గుచ్చి వదిలేసిన 18 నంబరు సూది. యాంటీబయాటిక్ పొడి కలపడానికి ఎవరికి కావాలన్నా వచ్చి, ఆ సూదికే సిరంజి తగిలించి సెలైన్ లాక్కుని పోతున్నారు. సూది గుండా బాటిల్లోకి క్రిములకి రాత్రంతా దారి తెరిచే ఉంది. దాన్ని ఎప్పుడు తెరిచారో మీద రాయలేదు. "రాత్రే తెరిచాం సిస్టర్" అంది డ్యూటీ అమ్మాయి. ఆ అమ్మాయికి పరీక్షలో 20కి 19 వచ్చాయి. ఆ ఇరవై ప్రశ్నల్లో ఈ బాటిల్ ఊసే లేదు.

అందుకే ఈసారి పాఠం మా ట్రాలీ మీద నుంచే మొదలవ్వాలని పట్టుదలగా ఉన్నాను. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించడం కాదు, మనం రోజూ చేసే తప్పుని చూపించాలి. ఎలా మొదలుపెట్టాలో, ఏం మర్చిపోకూడదో చెప్పండి.


పలమనేరు డాక్టర్ · ఆదివారం, రాత్రి 10:25

సిస్టర్, మంచి పని ఎత్తుకున్నారు. విషయం మాత్రం కొత్తగా పుట్టించొద్దు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జనవరిలో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. వ్యర్థాలకి 2016 బయోమెడికల్ నియమాలు ఉన్నాయి. చేతుల శుభ్రతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు ఉన్నాయి: రోగిని ముట్టుకోకముందు, శుభ్రంగా చెయ్యాల్సిన ప్రొసీజర్‌కి ముందు, రక్తంగానీ ఇతర స్రావాలుగానీ తగిలే పని చేశాక, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్నాక. ఇవి దాటి ఎవరి సొంత పైత్యమూ పాఠంలోకి రానివ్వకండి.

ఈ ఐదింట్లో చివరిదే మనం ఎక్కువగా వదిలేస్తాం. రౌండ్స్‌లో నేనే చూసుకున్నాను. మంచం పక్క కమ్మీ పట్టుకుని నిలబడతాం, కేస్ షీటు తిరగేస్తాం, మానిటర్ బటన్ నొక్కుతాం. రోగిని ముట్టుకోలేదు కదా అని అదే చేత్తో పక్క బెడ్డుకి వెళ్తాం. ఆ కమ్మీ మీద పొద్దుట్నుంచీ ఎన్ని చేతులు పడ్డాయో. హ్యాండ్ రబ్ (చేతులకి రుద్దుకునే స్పిరిట్ ద్రవం) అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. చేతులకి మురికి కంటికి కనిపిస్తుంటే రబ్ పనికిరాదు, కడుక్కోవాల్సిందే.

ఇంకో మాట. డాక్టర్లకీ ఇదే పాఠం పెట్టండి. కన్సల్టెంట్ చేతులు శుభ్రం చేసుకోకుండా బెడ్డు బెడ్డుకీ తిరుగుతుంటే వెనకున్న నర్సు ఏం నేర్చుకుంటుంది?


కోర్లగుంట కుర్రాడు · ఆదివారం, రాత్రి 11:10

అక్కా, నాకు వైద్యం తెలీదు. కోర్సులు తయారుచేసి ఫోన్లకి ఎక్కించే పని నాది. అందులోంచి చెప్తా.

మూడుల్ అని కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఉచితం, మీ ఆసుపత్రి సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. దాని ఫోన్ యాప్‌లో పాఠం ముందే దించుకుని నెట్ లేకపోయినా చూడొచ్చు. ఐసీయూ, ఎక్స్‌రే గదుల దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి అది ముఖ్యం. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు దాటొద్దు. వీడియో నిలువుగా తియ్యండి, ఫోన్ అడ్డంగా తిప్పి చూసే ఓపిక డ్యూటీలో ఎవరికీ ఉండదు. వార్డులో సౌండ్ పెట్టుకోలేరు కాబట్టి కింద తెలుగు అక్షరాలు పెద్దగా రావాలి.

ప్రశ్నలన్నీ చివరికి నెట్టొద్దు. వీడియో మధ్యలో ఆగి "ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?" అని అడగాలి. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు వేసి వదిలెయ్యకుండా, అలా చేస్తే తర్వాత ఏమవుతుందో చూపించాలి. హెచ్‌5పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇది సులువుగానే అవుతుంది.

లాగిన్ సంగతి మర్చిపోవద్దు. ఫోన్ నంబరుకి ఓటీపీ పెడితే చాలామంది ఆయాలు ఆగిపోతారు. ఫోన్ ఇంట్లో భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. ఉద్యోగి నంబరు, నాలుగంకెల పిన్ చాలు. వార్డులో ఒక ట్యాబ్ పెడితే ఇంకా మేలు.


నగరి అక్క · సోమవారం, ఉదయం 6:15

నేను పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. పెద్దాసుపత్రుల మాటే కాకుండా మా మాట కూడా రాస్తా ఉండా.

మా దగ్గర స్పిరిట్ దూది సంగతి చూడండి. పొద్దున్నే ఓపీ మొదలుకాకముందు గాజు సీసాలో దూది ఉండలు కుక్కి, స్పిరిట్ పోసి, మూతేసి పెట్టేస్తాం. సాయంత్రం దాకా అందులోంచే తీస్తా ఉంటాం. మధ్యాహ్నానికి స్పిరిట్ ఆవిరైపోయి దూది తడిగా ఉంటాదే గానీ వాసన కూడా రాదు. తీసిన ప్రతిసారీ వేళ్లు సీసాలోకి పోతాయి. నేను చదువుకునేటప్పుడు మా సీనియర్లు ఇట్లనే నేర్పినారు, నేను ఇంకో పదిమందికి నేర్పినా. సీసాలో నానబెట్టిన దూది వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంజెక్షన్ల పుస్తకంలోనే ఉందని రెండేళ్ల కిందట ఒక ట్రైనింగ్‌లో తెలిసింది. పొడి దూది తీసుకుని అప్పటికప్పుడు స్పిరిట్ పోసుకోవాల, చర్మం మీద 30 సెకన్లు తుడవాల, ఆరనియ్యాల. ఆరేదాకా ఆగడమే మాకు కష్టం. టీకాల రోజు బయట బిడ్డలు ఏడుస్తా ఉంటే ఆ అర నిమిషం అరగంట మాదిరి ఉంటాది. కానీ ఆగాల్సిందే కదా.

ఇంకోటి, మాట. మా ఆయాలు ఇంట్లో తమిళం, డ్యూటీలో తెలుగు. "సంక్రమణ నివారణ", "నిర్జంతుకీకరణ" అని మొదలుపెడితే రెండో నిమిషానికి ఫోన్ మూసేస్తారు. "చీము పట్టడం", "ఉడకబెట్టడం", "ఆటోక్లేవ్‌లో పెట్టడం" అంటే అందరికీ తెలుసు.

గాజుల సంగతి కూడా పాఠంలో పెట్టండి. అది చెప్పడం మాత్రం జాగ్రత్త.


బైరాగిపట్టెడ సిస్టర్ · సోమవారం, మధ్యాహ్నం 2:50

నగరి అక్కా, దూది సీసా మా ఓపీలోనూ ఉంది. పొద్దున మీ మాట చదివి వెళ్లి చూశాను. రెండో పాఠం అదే.

గాజుల గురించి వివరంగా రాస్తాను, నాకు చాలా రోజులుగా బాధగా ఉన్న సంగతి ఇది. మోచేతి కింద ఉంగరాలు, గాజులు, గడియారం, దారాలు ఉంటే మణికట్టు సరిగా శుభ్రం కాదు. ఇది అందరికీ తెలిసిందే. కానీ మా వార్డుల్లో కొత్తగా పెళ్లైన అమ్మాయిలుంటారు, చేతినిండా మట్టిగాజులు. కొండ మీద నుంచి తెచ్చి అమ్మ కట్టిన దారం చేతికుంటుంది. తడిసి, ఆరి, మళ్లీ తడిసి నల్లబడిపోయినా విప్పరు. నేను వెనక పనిచేసిన చోట ఒక పెద్ద నర్సు రోగుల ముందే ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని గాజులు తీయించింది. ఆ అమ్మాయి ఆ రోజంతా ఏడ్చింది, పదిరోజుల్లో మానేసింది. ఆ వార్డులో గాజులు పోయింది నిజమే, కానీ సూపర్‌వైజర్ కనపడ్డప్పుడు మాత్రమే పోయాయి.

ఇప్పుడు మా దగ్గర బట్టలు మార్చుకునే గదిలో ప్రతి ఒక్కరికీ పేరు కుట్టిన చిన్న గుడ్డసంచి ఇచ్చాం. డ్యూటీకి ముందు గాజులు అందులో, సంచి లాకర్‌లో. దారం విప్పలేనివాళ్లు మోచేతి పైన, దండకి కట్టుకోవచ్చన్నాం. మెడలో తాళి ఎవరి పనికీ అడ్డు రాదు కాబట్టి దాని జోలికి పోలేదు. వీడియోలో కూడా ఎవరూ ఎవర్నీ మందలించరు. ఒక అమ్మాయి లాకర్ తెరిచి, గాజులు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుని వార్డులోకి వెళ్తుంది. అంతే.


చిత్తూరు ల్యాబ్ · సోమవారం, రాత్రి 8:30

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. నా పాఠం నేనే రాస్తా, వాడుకోండి.

ఆరేళ్ల కిందట రాత్రి డ్యూటీలో ఒక పేషెంట్‌కి రక్తం తీసి, అలవాటు కొద్దీ రెండు చేతులతో సూదికి క్యాప్ పెట్టబోయా. క్యాప్ పక్కకి జారింది, సూది ఎడమ చూపుడు వేలిలోకి దిగింది. చిన్న చుక్క రక్తం. అప్పుడు డ్యూటీలో ఉన్న సీనియర్ వేలు గట్టిగా పిండి, స్పిరిట్ పోసి, "ఎవరికీ చెప్పొద్దు, రిపోర్టు రాస్తే మనకే తలనొప్పి" అన్నాడు. ఆ మూడూ తప్పే. పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి, వెంటనే చెప్పాలి. మర్నాడు సాయంత్రం ఆ పేషెంట్‌కి హెచ్ఐవీ ఉందని తెలిసింది. నేను హెచ్ఐవీ రాకుండా వాడే మందులు మొదలుపెట్టేసరికి 20 గంటలు దాటింది. మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టాల్సింది. 72 గంటల్లోపే కాబట్టి సరిపోయింది. 28 రోజులు మింగాను. ఆ నెల రోజులూ మా పాపని ఎత్తుకోవాలంటే చేతులు వణికేవి. ఎత్తుకుంటే ఏమీ కాదని నాకు తెలుసు, అయినా వణికేవి. దేవుడి దయ, పరీక్షలన్నీ బాగానే వచ్చాయి.

సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ వచ్చే అవకాశం 1000కి 3 అంటారు. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకి మాత్రం 100కి 30 దాకా ఉంటుంది. దానికి టీకా ఉంది, మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. మీ ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ వాళ్లకి వేశారా? చెత్త సంచుల్లోంచి పొడుచుకొచ్చిన సూదులు దిగేది వాళ్లకే.

నాకు కావాల్సింది ఒక్కటే. పాఠం మొదటి తెరమీద, అన్నిటికంటే పైన, "రాత్రి రెండింటికి సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి" అని, కింద నంబరు. ఎవరి తప్పని అడక్కుండా ఫోన్ ఎత్తే మనిషి నంబరు.


రిటైర్డ్ ట్యూటర్ · సోమవారం, రాత్రి 9:20

ల్యాబ్ బాబూ, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను నాయనా.

ముప్పై ఏళ్లు నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పాను. ప్రతి బ్యాచ్‌కీ సెమ్మెల్‌వైస్ కథ చెప్పేదాన్ని. 1847లో వియన్నా ఆసుపత్రిలో, శవపరీక్ష గది నుంచి నేరుగా వచ్చి కాన్పులు చేసే డాక్టర్లని సున్నపు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో 100 మంది బాలింతల్లో 18 మంది చనిపోతుంటే జూన్‌కి 2కి వచ్చింది. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. "మీ చేతులే చంపుతున్నాయి" అన్న మాట వాళ్లకి మింగుడుపడలేదు. లెక్కలు ఎదురుగా ఉన్నా, తప్పు పట్టినట్టు వినిపిస్తే మనిషి చెవులు మూసుకుంటాడు. అందుకే సిస్టర్, మీ గాజుల వీడియోలో మందలింపు లేకపోవడం నాకు బాగా నచ్చింది.

ఫోన్లో చూపించలేనిది ఒకటుంది. చేతులు కడగడం చూస్తే రాదమ్మా. మెరిసే లోషన్ ఒకటి దొరుకుతుంది. అది చేతులకి రాయించి, కడుక్కోమని, చీకటి గదిలో యూవీ లైటు కింద పెట్టించండి. బొటనవేళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల కొసల్లో, సరిగా కడగని చోటల్లా నీలంగా మెరుస్తుంది. ఇరవై ఏళ్లు సర్వీసు చేసినవాళ్లు కూడా తమ బొటనవేళ్లు చూసుకుని నోరు తెరుస్తారు. పాఠం ఫోన్లో చూశాక వారంలోపు ప్రతి ఒక్కరూ ఆ లైటు కింద ఒక్కసారి చేతులు పెట్టాలని నియమం పెట్టండి.


హాస్పిటల్ మేనేజర్ · మంగళవారం, ఉదయం 11:05

ఇదంతా బాగుంది, కానీ మా వైపు నుంచి కూడా ఆలోచించండి. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్లు వచ్చినప్పుడు ఎవరికి ఏ శిక్షణ ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎంతమంది పూర్తి చేశారు అని రికార్డులు అడుగుతారు. నా దగ్గర నూట ఎనభై మంది ఉన్నారు. ఒక్కో వార్డులో వీడియో తీసుకుంటూ, లైటు కింద చేతులు పెట్టిస్తూ పోతే అయ్యేదెప్పుడు? రెడీగా ఉన్న కోర్సు కొంటే నెలలో పూర్తవుతుంది.


బైరాగిపట్టెడ సిస్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 3:30

సార్, రికార్డులు కావాలి, కాదనను. మూడుల్ ఆ లెక్కంతా తనే రాసుకుంటుంది. కాకపోతే సర్టిఫికెట్ వీడియో చూసినందుకు ఇవ్వకండి. చూశాక వార్డు ఇన్‌చార్జి ఆ మనిషి పని చేస్తుండగా మూడుసార్లు గమనించి, మూడుసార్లూ సరిగ్గా చేస్తే అప్పుడు ఇవ్వండి. క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టేటప్పుడు చెయ్యి శుభ్రం చేసుకుందా, మందు ఎక్కించే దాని మూతిని (పోర్టుని) స్పిరిట్‌తో రుద్దిందా, వాడిన సూది పక్కనే ఉన్న డబ్బాలో వేసిందా. ఇన్‌చార్జికి రెండు నిమిషాల పని. ఎన్ఏబీహెచ్ వాళ్లు వచ్చినా ఫైలు ఒక్కటే చూసి వెళ్లరు కదా సార్, వార్డులో నిలబడి ఆయాని కూడా అడుగుతారు.


రేణిగుంట సూపర్‌వైజర్ · మంగళవారం, రాత్రి 7:45

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని. మా వాళ్లలో చదవడం రానివాళ్లు సగం మంది. వాళ్లకి రాత వద్దు, రంగు చూపించండి, గొంతు వినిపించండి. రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపులో. గ్లౌజులు, ఐవీ సెట్లు, యూరిన్ బ్యాగులు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలో. గాజు వయల్స్ నీలంలో. బొమ్మలేసి చూపిస్తే అర్థం కాలేదు మా వాళ్లకి. మా ఆసుపత్రి బకెట్లనే ఫోటో తీసి చూపించినాక టక్కున చెప్పినారు.

హైపో (క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) కలిపేది ఒక పాఠం పెట్టాల్సిందే. మా స్టోర్‌లో వచ్చేది 5 శాతం. ఒక మగ్గు హైపోకి నాలుగు మగ్గుల నీళ్లు పోస్తే 1 శాతం. రక్తం ఒలికితే ముందు పాత గుడ్డ కప్పాల, దానిమీద ఆ 1 శాతం పోయాల, కనీసం పది నిమిషాలు వదలాల, అప్పుడు తియ్యాల. మా వాళ్లు పోసిన వెంటనే తుడిచేస్తా ఉండిరి. నేల తడిగా ఉంటే జారిపడతారని వాళ్ల భయం, అదీ నిజమే. అందుకని పక్కన కుర్చీ అడ్డం పెట్టమని చెప్పినా. పొద్దున కలిపింది ఆ రోజుకే, మిగిలితే పారబోయాల.

ఇంకో ముఖ్యమైన సంగతి. బాత్రూములు కడిగే యాసిడ్, హైపో కలపకూడదు. ఒకసారి మా పిల్లోడు రెండూ ఒకే బకెట్లో పోసినాడు. ఘాటు వాయువు లేచి ఊపిరాడక కళ్లనీళ్లు పెట్టుకుంటా బయటికి పరిగెత్తినాడు. అది క్లోరిన్. ఇది మాత్రం వీడియోలో రెండుసార్లు చెప్పండి.


పాకాల నుంచి · బుధవారం, ఉదయం 7:10

నేను ఆసుపత్రి ఉద్యోగిని కాదు. మా నాన్న ఐసీయూ నుంచి వార్డుకి మారినప్పుడు పన్నెండు రోజులు పక్కన ఉన్నా. ఆయనకి తినిపించింది, పక్క మార్చింది, తుడిచింది అన్నీ నేనే. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు యూరిన్ బ్యాగ్ ఆయన పొట్టమీద పెట్టి స్ట్రెచర్ తోసుకెళ్లా. అట్లా ఎత్తులో పెడితే మూత్రం వెనక్కి పోయి చీము పడుతుందని, బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలని, నేలకి మాత్రం తగలకూడదని తర్వాత ఒక సిస్టర్ చెప్పింది. ముందే చెప్పి ఉంటే అట్లా చేసేవాణ్ణి కాదు. మీ పాఠాల్లో మాలాంటివాళ్లకి కూడా రెండు నిమిషాలది ఒకటి చెయ్యండి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఫోన్‌కి పంపితే చాలు, మేం చూస్తాం.


బైరాగిపట్టెడ సిస్టర్ · మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 10:00

ఆలస్యానికి మన్నించండి. మొదటి పాఠం తీశాం. సెలైన్ బాటిల్‌దే. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. మా సొంత ట్రాలీ, మా సొంత నర్సు, వార్డు శబ్దాలు కూడా అలాగే ఉంచాం. వీడియో మధ్యలో ఆగి, "ఈ బాటిల్లోంచి మీరు మందు కలుపుతారా?" అని అడుగుతుంది. కోర్లగుంట తమ్ముడు ఒక సాయంత్రం వచ్చి ఎక్కించి వెళ్లాడు. పాఠం తెరవగానే పైన కనిపించేది సూది గుచ్చుకుంటే పిలవాల్సిన నంబరే. ల్యాబ్ తమ్ముడూ, అది నీదే.

చూపించకముందు వారం రోజులు పొద్దున ఏడున్నరకి ఒక వార్డు తిరిగి లెక్కపెట్టాను. రోజూ రెండో మూడో బాటిళ్లు సూదులతో కనిపించాయి. పాఠం చూశాక మొదటి నాలుగు రోజులు ఒక్కటీ లేదు. ఐదో రోజు మళ్లీ ఒకటి కనిపించింది. గుండె జారిపోయింది. కానీ ఈసారి కోప్పడకుండా కూర్చోబెట్టి అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది: "సిస్టర్, పాఠం నాకు గుర్తుంది. రాత్రి పదకొండుకి మందు కలిపే 10 ఎంఎల్ స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్ అయిపోయాయి. స్టోర్ తాళం. పన్నెండింటికి ఆరుగురికి యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఏం చెయ్యమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. స్టోర్‌కి వెళ్లి ఇండెంట్ పుస్తకం తీయించాను. వార్డుకి రోజుకి ఇరవై ఆంప్యూల్స్ మాత్రమే రాసి ఉన్నాయి, ఎప్పుడో పేషెంట్లు తక్కువున్నప్పుడు రాసిన లెక్క. మేనేజర్ గారిని తీసుకెళ్లి ఆ పుస్తకం చూపించాను. ఇప్పుడు యాభై ఇస్తున్నారు, రాత్రికి ఒక పెట్టె విడిగా నర్సింగ్ స్టేషన్‌లో ఉంటుంది. ఆ తర్వాత పది రోజులు చూశాను, బాటిల్‌కి సూది కనపడలేదు. అందుకే ప్రతి పాఠం చివరా ఒక ప్రశ్న కలిపాం: "ఇలా చెయ్యడానికి మీ వార్డులో ఏం లేదు?" జవాబు గొంతుతో చెప్పి పంపొచ్చు. మొదటి రోజే పదిహేడు వచ్చాయి. సబ్బు లేని సింకులు నాలుగు, నిండిపోయిన సూదుల డబ్బాలు మూడు, మోచేత్తో తిప్పే కుళాయి పాడైనది ఒకటి. రోజుకి రెండు చొప్పున తీరుస్తున్నాం.

హౌస్‌కీపింగ్ వాళ్లకి హెపటైటిస్ బి మొదటి డోసు బుధవారం మొదలైంది.

నగరి అక్కా, దూది పాఠానికి మీ గొంతు కావాలి. మీరు చెప్పినట్టే, మీ మాటల్లోనే. వచ్చే శనివారం మధ్యాహ్నం మీకు వీలవుతుందా? బస్టాండ్ నుంచి మావాళ్లు తీసుకొస్తారు.


నగరి అక్క · శనివారం, ఉదయం 5:50

వస్తా తల్లీ. ఆ రోజు ఓపీ పన్నెండున్నరకి అయిపోతాది, ఒంటిగంట బస్సు ఎక్కుతా. మా పాత స్పిరిట్ సీసా బీరువాలో పెట్టి ఉండాను, మూతతో సహా. పారెయ్యలేదు. దాన్ని తీసుకొస్తా, వీడియోలో దాన్నే చూపిద్దాం.